ఫుట్‌బాలు ఆటలో వ్యూహము

ప్రతి సంవత్సరము క్రీడోత్సవము ముగిసిన పిదప తల్లిదండ్రులలో కొందరు మమ్ములను అడుగు ప్రశ్న యొకటి కలదు. "మా అబ్బాయి బాగుగా పరుగెత్తును, బంతిని బలముగా తన్నును. అట్టివానిని వెనుక వరుసలో నిలిపితిరేమి? ముందు నిలిపియున్నచో రెండు గోల్సయినను వేసియుండెడివాడు గదా!" ఈ మధ్య బాలికల జట్టును గూర్చియు ఇదే ప్రశ్న వినవచ్చుచున్నది. ప్రశ్నలో అన్యాయమేమియు లేదు. చూచువారు చప్పట్లు కొట్టునది గోలు వేసినవానికే. మరునాడు నోటీసు బోర్డు మీదికి ఎక్కునది వాని పేరే. వెనుక నిలిచి నాలుగు గోల్సు ఆపినవాని సంగతి వాని తల్లికి సైతము తెలియదు.

మైదానపు గట్టున నిలుచుండి రెండు మాటలలో దీనికి సమాధానము చెప్పుట సాధ్యము కాదు. కావున ఈ సంచికలో కొంత విపులముగ వ్రాయ దలచితిమి. ఇందుకు మరియొక కారణము కూడ కలదు. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడినను, ఈ ఆటను గూర్చి చెప్పవలసి వచ్చినపుడు తెలుగును గడపయొద్దనే విడిచి ఇంగ్లీషులోనికో, ఇరుగుపొరుగు భాషలోనికో దిగుచున్నారు. గోలు, బ్యాకు, ఫార్వర్డు, ఆఫ్‌సైడు వంటి మాటలు ఎట్లును మనవే అయిపోయినవి. వానిని మార్చబూనుట వృథాశ్రమ. తక్కిన సంగతియంతయు తెలుగులోనే చెప్పుకొనవచ్చునని చూపుట మా ఉద్దేశము.

వ్యూహమను మాట మనకు క్రొత్తది కాదు. పద్మవ్యూహములోనికి చొరబడుట మాత్రమే నేర్చి, వెలికి వచ్చుట నేర్వని అభిమన్యుని కథ మన పిల్లలందరికిని తెలియును. ఫుట్‌బాలులోని వ్యూహమును అంకెలతో చెప్పుదురు. 4-3-3 అనినచో వెనుక నలుగురు, నడుమ మువ్వురు, ముందు మువ్వురు. లెక్క ఎల్లప్పుడును మన గోలువైపు నుండి మొదలిడి ఎదుటి గోలువైపునకు సాగును. గోల్‌కీపరును ఈ లెక్కలో చేర్చరు. కావున అంకెలన్నియు కలిపిన పది రావలెను. ఇంతవరకు పిల్లలెవరైనను చెప్పగలరు. ఈ అంకెల వెనుకనున్న కష్టమేమియో తెలిసికొనుట ముఖ్యము.

పెద్ద పోటీలు జరుగు మైదానము పొడవు సుమారు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. అనగా 7,140 చదరపు మీటర్లు. దీనిని పదిమందికి పంచినచో ఒక్కొక్కని వంతునకు 714 చదరపు మీటర్లు వచ్చును. మన పాఠశాల తరగతి గదులు పదునైదింటిని కలిపినను అంత చోటు కాదు. ఇంత చోటును ఏ ఆటగాడును ఒంటరిగా కాపాడలేడు. అందుచేత మైదానములో ఎచ్చటనో ఒకచోట ఖాళీ ఉండియే తీరును. ఏ వ్యూహమును ఆ ఖాళీని లేకుండ చేయజాలదు. దానిని ఇచ్చటి నుండి అచ్చటికి జరుపగలదు, అంతే. కనుక శిక్షకుడు చేయు నిర్ణయము ఆటగాండ్రను ఎచ్చట నిలుపవలెనని మాత్రమే కాదు, ఏ చోటిని నిలువకుండ విడువవలెనని కూడ. ఏ చోటిని విడిచిన తన జట్టునకు తక్కువ నష్టమో, ఎదుటివారు విడిచిన చోటు ఏదియో, ఈ రెండును ముందుగ కనిపెట్టినవాని జట్టు గెలుచుచు వచ్చినది. ఈ ఆట చరిత్రయంతయు ఈ ఖాళీ వెంట పరుగెత్తిన చరిత్రయే యని మా అభిప్రాయము.

తొలి దినములలో ఈ ఆలోచన ఎవరికిని అంతగా లేదు. 1872వ సంవత్సరము నవంబరు 30వ తేదీన గ్లాస్గో నగరమున ఇంగ్లండు, స్కాట్లండు జట్ల నడుమ మొదటి అంతర్జాతీయ పోటీ జరిగినపుడు రెండు జట్లలోను అత్యధికులు ముందు వరుసలోనే నిలిచిరి. ఇంగ్లీషువారు బంతిని కాలితో నడుపుకొని ఒంటరిగ దూసికొని పోవుటయే ఆట యనుకొనిరి. స్కాట్లండువారు ఒకరికొకరు బంతిని అందించుకొనుటకు పూనుకొనిరి. ఆ పోటీలో ఇరువైపుల ఒక్క గోలును పడలేదు. తరువాత కొన్నాళ్లకు 2-3-5 అను క్రమము స్థిరపడెను. ఇద్దరు బ్యాకులు, మువ్వురు హాఫ్ బ్యాకులు, అయిదుగురు ఫార్వర్డులు. తలక్రిందులుగ నిలిపిన గోపురము వంటి ఈ క్రమము నలుబది సంవత్సరములకు పైగా లోకమంతట చెల్లుబడియైనది. మన దేశమున బ్రిటిషు సైనికులు, మిషను పాఠశాలలు నేర్పినదియు ఇదియే. మన తాతల తరమువారు 'సెంటర్ హాఫు', 'ఇన్‌సైడ్ లెఫ్టు' అని చెప్పుకొనెడి మాటలు దీనినుండి వచ్చినవే.

1925లో ఒక నిబంధన మారెను. అది ఆఫ్‌సైడు నిబంధన. సహచరుడు బంతిని ముందునకు అందించునపుడు, దానిని అందుకొనబోవు ఫార్వర్డునకును ఎదుటి గోలు గీతకును నడుమ ఎదుటి జట్టువారు కనీసము మువ్వురు ఉండవలెనని పూర్వపు నియమము. వెనుక ఒక బ్యాకు మిగిలియుండగా రెండవవాడు నాలుగడుగులు ముందునకు జరిగినంత మాత్రమున ఫార్వర్డులందరును ఆఫ్‌సైడులో చిక్కుకొనెడివారు. ఆట మాటిమాటికి ఆగిపోవుచుండెను. చూచువారికి విసుగు పుట్టెను. అందుచేత ఆ సంవత్సరమున మువ్వురు అను మాటను ఇద్దరుగా మార్చిరి. ఒక్క మాట మారినది, అంతే. ఇంగ్లండులోని లీగు పోటీలన్నిటిలో కలిపి ముందటి సంవత్సరము 4,700 గోల్సు పడగా, మార్పు జరిగిన సంవత్సరమున 6,373 పడెను.

అప్పుడు బ్యాకులిద్దరి నడుమ పెద్ద ఖాళీ ఏర్పడినది. దానిని మొదట గుర్తించిన వారిలో లండను నగరపు ఆర్సెనల్ జట్టువారు ముఖ్యులు. 1925 అక్టోబరు 3వ తేదీన న్యూకాసిల్ జట్టు వారిని 7-0గా చిత్తు చేసెను. ఆర్సెనల్ ఆటగాడైన చార్లీ బుకన్, హాఫ్ బ్యాకుల నడుమ నుండు సెంటర్ హాఫును వెనుకకు దింపి బ్యాకులిద్దరి మధ్య నిలుపవలెనని పట్టుపట్టెను. ఆ ఏడే ఆ జట్టు బాధ్యత వహించిన హెర్బర్ట్ చాప్‌మన్ అందుకు సమ్మతించెను. రెండు దినముల తరువాత ఆర్సెనల్ జట్టు వెస్ట్‌హాం మీద 4-0గా గెలిచెను.

ఇచ్చట తల్లిదండ్రులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పూర్వము సెంటర్ హాఫు జట్టునకు నడుమ స్తంభము వంటివాడు. ముందునకు పోయి ఆటను నడిపెడివాడు, చూచువారి మెప్పు పొందెడివాడు. చాప్‌మన్ వానిని వెనుకకు దింపి, "ఎదుటి సెంటర్ ఫార్వర్డును ఆపుటయే నీ పని" యని చెప్పెను. పేరు తెచ్చెడి పనిని తీసివేసి పేరు రాని పనిని అప్పగించెను. నడుమ ఏర్పడిన కొరతను తీర్చుటకు ఫార్వర్డులలో ఇద్దరిని కొంచెము వెనుకకు జరిపెను. ఇట్లు ఏర్పడిన వ్యూహమును పైనుండి చూచినచో డబ్ల్యు, ఎం అను ఇంగ్లీషు అక్షరములు రెండును ఒకదాని క్రింద నొకటి వ్రాసినట్లుండును. ఇది ఒక్కనాటిలో పండలేదు. ఆర్సెనల్ మొదటి లీగు విజయము 1931లో గాని రాలేదు. అటుపిమ్మట మాత్రము 1933, 1934, 1935 సంవత్సరములలో వరుసగ ముమ్మారు వారే గెలిచిరి. చాప్‌మన్ 1934 జనవరిలో మరణించెను. అతడు వేసిన బాట మిగిలెను.

ఆ బాటలోనే ఇంగ్లీషువారు కన్నులు మూసికొని ముప్పది ఏండ్లు నడచిరి. వారికి కనువిప్పు కలిగిన దినము 1953 నవంబరు 25. వెంబ్లీ మైదానమునకు హంగరీ జట్టు వచ్చెను. ఇంగ్లండు అంతకుముందెన్నడును ఐరోపా ఖండపు జట్టు చేతిలో స్వదేశమున ఓడియుండలేదు. హంగరీ జట్టులో తొమ్మిదవ సంఖ్య చొక్కా ధరించినవాడు నాందోర్ హిదెగ్కుటి. తొమ్మిదవ సంఖ్య యనగా సెంటర్ ఫార్వర్డు. అందరికంటె ముందు నిలువవలసినవాడు. అతడు అచ్చట నిలువక, నడిమి వరుసలోనికి దిగివచ్చి బంతి నందుకొనుచుండెను. అతనిని ఆపవలసిన ఇంగ్లండు సెంటర్ హాఫు హారీ జాన్‌స్టన్‌కు దిక్కు తోచలేదు. వెంట పోయినచో తన వెనుక చోటు ఖాళీ యగును. పుష్కాష్ మొదలగువారు అందులోనికి చొరబడుదురు. తన చోటనే నిలిచినచో హిదెగ్కుటికి అడ్డులేదు. మొదటి నిమిషము పూర్తి కాకమునుపే అతడు గోలు వేసెను. ఆట ముగియుసరికి అతడొక్కడే మూడు వేసెను. హంగరీ 6-3గా గెలిచెను. మరుసటి మే మాసమున బుడాపెస్టులో ఇంగ్లండు ఇంకను పెద్ద ఓటమిని, 7-1 ఓటమిని చవిచూచెను.

జాన్‌స్టన్ అసమర్థుడు కాడు. ఎవరిని వెంటాడవలెనో చెప్పు వ్యూహమే అతనికి నేర్పియుండిరి. వెంటాడవలసినవాడు తన చోట నిలువనప్పుడు ఏమి చేయవలెనో నేర్పియుండలేదు. పరీక్షలో ప్రశ్న మారినపుడు కంఠస్థము చేసిన సమాధానమునే వ్రాసివచ్చు విద్యార్థిని మేము ఏటేట చూచుచునే యున్నాము.

ఐనను వ్యూహమే సర్వస్వమని భ్రమపడరాదు. ఆ హంగరీ జట్టే 1954 ప్రపంచ కప్పులో పశ్చిమ జర్మనీని మొదట 8-3గా ఓడించి, జూలై 4వ తేదీన బెర్న్ నగరమున జరిగిన తుది పోటీలో అదే జట్టు చేతిలో 3-2గా ఓడిపోయెను. ఎనిమిది నిమిషములలో రెండు గోల్సు వేసి ముందంజలో నుండియు ఓడెను. నాడు వాన కురిసినది; పుష్కాష్ కాలిగాయము పూర్తిగ మానలేదు. అట్టివానికి వ్యూహమునందు మందు లేదు.

ఇక బ్రెజిలు సంగతి. 1958లో స్వీడనునందు జరిగిన ప్రపంచ కప్పులో వారు 4-2-4 వ్యూహముతో దిగిరి. వెనుక నలుగురు, ముందు నలుగురు, నడుమ ఇద్దరే. పదునేడేండ్ల పెలే పేరును, గరించా పేరును లోకమంతయు చెప్పుకొనెను. మేము చెప్పదలచినది జగాలో పేరు. ఇతడు ఎడమ అంచున నుండెడి ఫార్వర్డు. బంతి ఎదుటివారికి చిక్కిన వెంటనే ఇతడు నడిమి వరుసలోనికి పరుగెత్తి వచ్చెడివాడు. తమకు చిక్కగానే మరల ముందునకు పోవువాడు. ఇతని కాళ్ల కష్టము వలన ఇద్దరున్న చోట మువ్వురైరి. కాగితముపై 4-2-4, మైదానములో సగము సేపు 4-3-3. తుది పోటీలో బ్రెజిలు స్వీడనును 5-2గా ఓడించెను. నాలుగేండ్లకు చిలీలో మరల గెలిచెను; అప్పుడును జగాలో ఆడెను. అంకెలు నిలిచియుండునవి, మనుష్యులు కదలునవారు. ఒక్కడు అదనముగ పరుగెత్తిన అంకెయే మారిపోవును.

మన దేశమునందు ఈ విద్యను అందరికంటె శ్రద్ధగ అభ్యసించి ఆచరణలో పెట్టినవాడు హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఈయన వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. రహీం సాహెబని అందరును గౌరవముతో పిలుచుచుండిరి. ఈయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలుచుకొనెను. ఉపాధ్యాయుడగుట వలన కాబోలు, ఈయన పద్ధతులన్నియు పాఠములవలె నుండెను. బంతిని కాలితో నడుపుకొనిపోరాదు, అందిన వెంటనే మరియొకనికి అందింపవలెనను నియమముతో పోటీలు పెట్టించెను. బలహీనమైన కాలితోనే తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టించెను. కుడికాలి వాటము గలవానికి ఎడమకాలు అలవడినచో వానిని ఏ వైపుననైనను నిలుపవచ్చును. వ్యూహము మార్చుటకు వీలు కలుగును. ఇది పైకి చిన్న సంగతివలె కనబడును గాని, వ్యూహమునకు పునాది ఇచ్చటనే కలదు.

1952 హెల్సింకి ఒలింపిక్సులో రహీం శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1గా ఓడెను. మనవారిలో పలువురు ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడిరి. అంతకు ముందటి యేడే ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో బంగారు పతకము తెచ్చిన దేశమునకు ఇది తలవంపులు కాదా? ఆ తరువాత మనవారికి బూట్లు తప్పనిసరి యైనవి. రహీం మాత్రము బూట్లతో తృప్తి చెందలేదు. హంగరీ, బ్రెజిలు జట్ల ఆటలో వచ్చుచున్న మార్పులను గమనించి, పాత గోపుర క్రమమును విడిపించి, బంతిని చకచక అందించుకొను ఆటను, వెనుక నలుగురుండు 4-2-4 క్రమమును మనవారికి అలవాటు చేసెను.

దాని ఫలితము 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో కనబడెను. డిసెంబరు 1వ తేదీన ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను మనవారు 4-2గా ఓడించిరి. నెవిల్ డిసూజా మూడు గోల్సు వేసెను. సెమీ ఫైనలులో యుగోస్లావియా 4-1గా గెలిచినను, మొదటి గోలు మనదే. నాలుగేండ్ల క్రిందట పది గోల్సు వేసిన దేశము అది. కంచు పతకము పోటీలో బల్గేరియా చేతిలో ఓడి మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. 1960లో రోము నగరమున ఫ్రాన్సుతో 1-1గా సరిసమానము చేసెను. హంగరీ చేతిలో 2-1గా మాత్రమే ఓడెను. ఈ జట్లలో హైదరాబాదు, సికింద్రాబాదు ప్రాంతముల ఆటగాండ్రు పెక్కురు ఉండిరి. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాం రోములో హంగరీ మీదను, పెరూ మీదను గోల్సు వేసినవాడు.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల వృత్తాంతమును మన పిల్లలకు పాఠముగ చెప్పదగినది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా మనవారిని 2-0గా ఓడించెను. థాయిలాండును 4-1గా గెలిచిరి గాని, ఆ పోటీలో వెనుక వరుసకు ప్రాణమైన జర్నైల్ సింగు తలకు పెద్ద గాయమై కుట్లు పడినవి. జపానును 2-0గా ఓడించి సెమీ ఫైనలు చేరిరి. జర్నైల్ సింగును ఏమి చేయవలెను? వెనుక నిలిపినచో ప్రతి బంతిని తలతో కొట్టవలసి వచ్చును. ఒక్కసారి తప్పిన గోలు పడును. కూర్చుండబెట్టినచో అంతటి బలశాలి చేజారిపోవును. రహీం అతనిని ఫార్వర్డుగ ముందు నిలిపెను. విద్యార్థి దశలో అతడు ఫార్వర్డుగ ఆడిన సంగతి శిక్షకుడు మరువలేదు. సెమీ ఫైనలులో దక్షిణ వియత్నాం మీద 3-2గా గెలువగా, అందులో ఒక గోలు జర్నైల్ సింగుదే. తక్కిన రెండును నాయకుడు చునీ గోస్వామివి.

తుది పోటీ సెప్టెంబరు 4వ తేదీన, మరల దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులను రానీయకపోవుటను మన దేశపు క్రీడాధికారి సోంధీ ఆక్షేపించినందున జకార్తా ప్రజలు మనవారిపై మండిపడుచుండిరి. సుమారు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును గేలిచేయుచుండగా ఆట సాగెను. 17వ నిమిషమున పి. కె. బెనర్జీ మొదటి గోలు వేసెను. 20వ నిమిషమున రెండవది వేసినవాడు తలకు కట్టు కట్టుకొని ఆడిన జర్నైల్ సింగు. కొరియావారు చివర నొక గోలు వేసినను మనవారు 2-1గా గెలిచి బంగారు పతకము పొందిరి. తొమ్మిది దినముల వ్యవధిలో అదే కొరియా, అదే భారతము. మారినది ఒక్క బ్యాకు నిలిచిన చోటు, దానితో కలిగిన నమ్మకము.

రహీం సాహెబు అప్పటికే క్యాన్సరు వ్యాధితో బాధపడుచుండెను. 1963 జూన్ 11వ తేదీన మరణించెను. ఆసియా క్రీడలలో మన పురుషుల ఫుట్‌బాలు జట్టునకు మరల బంగారు పతకము రాలేదు. 1970లో వచ్చిన కంచు పతకమే చివరిది. ఒక శిక్షకుడు పోయినంతనే ఇట్లు జరిగినదనుట తొందరపాటు. కారణములు పెక్కు కలవు. కాని ఎవరిని ఎచ్చట నిలుపవలెనో ముందుగ ఎరిగి, తక్కిన లోకము ఎటు పోవుచున్నదో కనిపెట్టియుండు మనిషి కొరత మనకు చాలకాలము తీరలేదని మాత్రము చెప్పవచ్చును. ఈయన జీవితమును ఆధారముగ గొని 2024లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చినది. అంతకుముందు ఈయన పేరు మన పిల్లలలో ఎందరికి తెలియును?

ఇటీవలి కాలమునకు వత్తుము. 1960 ప్రాంతములలో ఇటలీవారు గడియ వేసిన తలుపువంటి రక్షణ వ్యూహమును ప్రసిద్ధికి తెచ్చిరి. మిలాను నగరపు ఇంటర్ జట్టు దానితో 1964, 1965లలో ఐరోపా కప్పును గెలిచి, 1967లో ముందుకు దూకి ఆడు సెల్టిక్ జట్టు చేతిలో ఓడెను. 1974లో నెదర్లాండ్సువారు ఎవరి చోటనైనను ఎవరైనను ఆడు విధానమును చూపిరి. 1992లో మరియొక నిబంధన మారెను: సహచరుడు కావలెనని కాలితో వెనుకకు తన్నిన బంతిని గోల్‌కీపరు చేతులతో పట్టరాదు. అందుచేత గోల్‌కీపరు సైతము కాళ్లతో ఆడ నేర్వవలసి వచ్చెను. నేడు పిల్లలు 'ప్రెస్సింగు' అనుచున్నది ఎదుటివారి గోలు చెంతనే వారిని చుట్టుముట్టి ఊపిరాడనీయకుండ బంతిని లాగుకొనుట. 2009 మే 2వ తేదీన బార్సెలోనా జట్టు మాడ్రిడ్ నగరమున రియల్ మాడ్రిడ్‌ను 6-2గా ఓడించినపుడు మెస్సీ చేసినది ఏమి? అంచున ఆడువాడు నడుమకు వచ్చి, అందరికంటె ముందు నిలువవలసిన చోటినుండి వెనుకకు దిగెను. బ్యాకులకు వెంటాడవలెనో నిలువవలెనో తెలియదాయెను. హిదెగ్కుటి వేసిన ప్రశ్నయే ఏబది ఆరేండ్ల తరువాత మరల వేయబడినది!

క్రొత్తది కావున గెలుచుననియు, పాతది కావున ఓడుననియు చెప్పుటకు వీలులేదు. 2015-16లో ఇంగ్లండు ప్రీమియర్ లీగును గెలిచిన లెస్టర్ జట్టు, పాతబడినదని పలువురు త్రోసివేసిన 4-4-2 క్రమముతోనే గెలిచినది. బంతి ఎక్కువసేపు ఎదుటివారి యొద్దనే ఉండనిచ్చి, వారు ముందునకు వచ్చి విడిచిన చోటిలోనికి వార్డీ వంటి వేగవంతులను తోలిరి.

దాని మరుసటి సంవత్సరమే చెల్సీ కథ జరిగెను. మీ ప్రశ్నకు ఇది మిక్కిలి దగ్గర. 2016 సెప్టెంబరు 24వ తేదీన చెల్సీ జట్టు ఆర్సెనల్ చేతిలో 3-0గా ఓడి ఎనిమిదవ స్థానమునకు జారెను. శిక్షకుడు అంతోనియో కాంటె ఆ ఆట నడుమనే వ్యూహము మార్చి, వెనుక నలుగురికి బదులు మువ్వురిని నిలిపెను. తరువాతి పోటీలలో 3-4-3 వ్యూహముతో దిగెను. క్రొత్తవారిని కొని తెచ్చుటకు అది అదను కాదు, ఉన్నవారే ఆడిరి. అక్టోబరు నుండి సంవత్సరాంతము వరకు లీగులో వరుసగ 13 పోటీలు గెలిచిరి. 38 పోటీలలో 30 గెలిచి లీగు విజేతలైరి.

ఈ వ్యూహములో కుడి అంచంతయు ఒక్కనిదే. బంతి ఎదుటివారిదైనపుడు వాడు వెనుక అయిదవ బ్యాకు. తమదైనపుడు ముందు అయిదవ ఫార్వర్డు. ఆ పనిని కాంటె అప్పగించినది విక్టర్ మోజెస్ అనువానికి. అతడు అంతవరకు ముందు వరుసలో ఆడు వింగరు. చెల్సీలో చోటు చిక్కక మూడేండ్లు వరుసగ మూడు వేర్వేరు జట్లకు అరువుగ పోయి ఆడినవాడు. ఫార్వర్డుగ అతనికంటె మేలైనవారు ఆ జట్టులో ఉండిరి. వెనుకకు జరిపినపుడు అతని పరుగునకును, ఓర్పునకును తగిన చోటు దొరకెను. జర్నైల్ సింగు వెనుకనుండి ముందునకు వచ్చి గెలిపించెను. మోజెస్ ముందునుండి వెనుకకు పోయి గెలిపించెను.

మన పాఠశాలలో ఇంతటి వ్యూహములు పన్నుదుమని మేము చెప్పబోము. చిన్న తరగతులవారు బంతి ఎటు పోయిన అటు తేనెటీగలవలె గుమిగూడి పోవుదురు. వారికి అంకెలు చెప్పుట వ్యర్థము. వారిని అయిదుగురేసి చొప్పున చిన్న స్థలములో ఆడింపవలెను. పదునొకండు, పండ్రెండేండ్లు వచ్చిన పిదప "నీ చుట్టు ఖాళీ ఎచ్చట నున్నది?" అని అడుగుట మొదలిడవలెను. వెనుక వరుసకు మేము ఎన్నుకొను పిల్లలు, ఈ ప్రశ్నకు బంతి చూడకయే సమాధానము చెప్పగలవారు. మైదానమంతయు వారికి ఎదురుగ నుండును. ముందున్నవారికి వెనుక జరుగునది కనబడదు. "కుడివైపు జరుగుము, నీ వెనుక మనిషి యున్నాడు" అని కేకవేసి చెప్పవలసినవారు వీరే. కావున పరుగుతోపాటు వివేకము, నోరు కలవారిని అచ్చట నిలుపుచున్నాము. ఒక ఏడు వెనుక ఆడినవానిని మరుసటి ఏడు ముందు ఆడించి చూచుటయు మా అలవాటే. పదునాలుగేండ్లు నిండకమునుపే "వీడు బ్యాకు" అని ముద్రవేయుట తగదు.

తల్లిదండ్రులను కోరునది యొకటి. ఆట జరుగుచుండగా గట్టు మీదనుండి "ముందుకు పో, ముందుకు పో" అని మీ పిల్లవానిని ప్రోత్సహింపకుడు. వాడు తండ్రి మాట విని ముందుకు పోయినచో వాని చోటు ఖాళీ యగును, గోలు పడును, తక్కిన పిల్లలు వానినే నిందింతురు. పెద్ద జట్లలో శిక్షకుని మాటకు ఎదురు చెప్పువారు కోట్లు తెచ్చు ఆటగాండ్రయినను బల్లమీద కూర్చుందురు. పిల్లవాడు పాపము, ఇద్దరి మాటను వినవలసినవాడు.

వచ్చు పోటీకి వచ్చినపుడు మైదానపు ప్రక్కన కుర్చీలు వేసిన చోట కూర్చుండక, కొంతసేపు గోలు వెనుక నిలిచి చూడుడు. ప్రక్కనుండి చూచిన బంతి ఒక్కటే కనబడును. గోలు వెనుకనుండి చూచినచో వరుసలు మూడును స్పష్టముగ కనబడును. వాని నడుమనున్న ఖాళీలు తెరుచుకొనుటయు, మూసికొనుటయు కూడ కనబడును. అయిదు నిమిషములు బంతిని చూడక మీ అబ్బాయినో, అమ్మాయినో మాత్రమే చూడుడు. బంతి దూరముగ నున్నపుడు ఎన్ని అడుగులు, ఎటు వేసినారో లెక్క పెట్టుకొని, సాయంకాలము ఇంటికి పోయిన పిదప అటువైపు ఏల జరిగితివని అడుగుడు.